ఆరు మీటలా, నాలుగు మీటలా?

అయిదుగురు అన్నదమ్ములున్న ఇంటికి సంబంధం మాట్లాడడానికి వెళ్ళి, తీరా అక్కడ అయిదుగురికీ ఒకటే పోలిక, ఒకటే గొంతు, ఒకటే నడక అని తెలిస్తే పెళ్ళిపెద్ద ఏం చేస్తాడు? 2024 వేసవిలో అమెరికాలో నా పని సరిగ్గా అలాగే అయింది. అయితే నేను చూడబోయింది పెళ్ళికొడుకుల్ని కాదు. పిల్లలు టీవీకి తగిలించుకుని ఆడుకునే ఒక పాత ఆటపెట్టెను.

రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళు రేడియోలూ, టీవీలూ బాగుచేసి, కళ్ళు మొరాయించడంతో దుకాణం మూసేసిన వాణ్ణి. అటువంటి నన్ను మా అన్నయ్య కొడుకు న్యూజెర్సీ రప్పించుకున్నాడు. అన్నయ్య 2022లో పోయాడు. అప్పుడు వెళ్ళలేకపోయాను. వదినను చూసినట్టూ ఉంటుంది, నాలుగు నెలలు పిల్లాడి ఇంట్లో ఉన్నట్టూ ఉంటుంది అని మా ఆవిడా నేనూ విమానం ఎక్కాం. పిల్లాడంటున్నానే గాని వాడికి ఆ ఏడాది యాభై నిండాయి.

దిగిన నాలుగో రోజున వాడు కాఫీ కప్పు చేతికిచ్చి, "బాబాయ్, నువ్వో సాయం చెయ్యాలి. నా చిన్నప్పుడు నాన్న ఒక అటారీ కొన్నాడు. అచ్చం అలాంటిదే కావాలి. ఏది కొనాలో నువ్వు చెప్పు" అన్నాడు.

"అదెంత భాగ్యం! నీకు కావలసింది కొనుక్కో" అన్నాను.

"అదే తెలియడం లేదు. అయిదు రకాలున్నాయి" అన్నాడు.

వదిన వంటింట్లోంచి ఏదో అనబోయి ఊరుకుంది. ఆ పెట్టె మాట ఆ ఇంట్లో తేలిగ్గా వచ్చే మాట కాదని నాకు తరువాత తెలిసింది. 1981లో అన్నయ్య దాన్ని కొన్నాడు. 1985లో కుర్రవాడికి లెక్కల్లో మార్కులు తగ్గాయని, ఒక ఆదివారం ఇంటి ముందు పాత సామాను అమ్మకం పెట్టి, కుక్కర్లతో, కుర్చీలతో పాటు దాన్నీ పదిహేను డాలర్లకు ఎవరికో ఇచ్చేశాడు. పిల్లవాడు స్నేహితుడి ఇంటినుంచి వచ్చేసరికి బల్ల మీద చోటు ఖాళీగా ఉంది. ఆ తరువాత తండ్రీ కొడుకులు మాట్లాడుకోలేదని కాదు. మాట్లాడుకున్నారు, చదువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ జరిగాయి. కాని ఆ సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. "నేను ఆడుకోవడం నాన్నకి ఎప్పుడూ ఇష్టం లేదు" అని వాడు నాతో మామూలుగానే అన్నాడు. యాభై ఏళ్ళవాడు మామూలుగా అనే మాటలు కొన్ని అంత మామూలుగా ఉండవు.

ఇంతకూ ఏమిటా పెట్టె?

అటారీ అనే కంపెనీని నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో 1972లో పెట్టారు. మొదట్లో వాళ్ళవి దుకాణాల్లో నిలబడి, నాణెం వేసి ఆడే ఆటలు. అదే ఆటను ఇంట్లోకి తెచ్చి, టీవీకి తగిలించి, ఒక ఆట విసుగెత్తితే ఇంకొక ఆట ముక్కను దూర్చుకునే వీలు కల్పించాలని వాళ్ళ ఊహ. ఆ ముక్కనే కార్ట్రిడ్జి అంటారు. ఈ ఊహ వాళ్ళొక్కరిదే కాదు. ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 1976లోనే అటువంటి యంత్రాన్ని బజారులో పెట్టింది. కాని ఇల్లిల్లూ తిరిగి పేరు తెచ్చుకున్నది మాత్రం 1977 సెప్టెంబరులో వచ్చిన అటారీ పెట్టె. అప్పుడు దాని ధర సుమారు 200 డాలర్లు. డాలరు తొమ్మిది రూపాయలు కూడా లేని రోజులవి. అయినా ఆ లెక్కన మన దేశంలో ఒక గుమాస్తాకు చాలా నెలల జీతం.

దాన్ని మొదట 'వీడియో కంప్యూటర్ సిస్టమ్' అన్నారు. 1982లో దాని తరువాతి యంత్రమైన 5200 వచ్చాక దీనికి 'అటారీ 2600' అనే పేరు స్థిరపడింది. 1992 మొదటి దాకా అమ్మకంలో ఉండి, దరిదాపు మూడు కోట్ల ఇళ్ళకు వెళ్ళింది.

దాని పొట్ట విప్పి చూసినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, నమస్కారం పెట్టాలనీ అనిపించింది. దానికున్న జ్ఞాపకశక్తి 128 బైట్లు. ఇంగ్లీషులో అయితే ఒక పోస్టుకార్డు మీద మూడు నాలుగు పంక్తులు. మన తెలుగు అక్షరాలను ఈనాటి కంప్యూటర్లు దాచుకునే పద్ధతిలో అయితే క్షేమ సమాచారం కూడా పూర్తికాదు. ఈ రోజు మీ జేబులో ఉన్న ఫోనులో ఒక చిన్న ఫోటోకి దానికన్నా వేల రెట్ల చోటు కావాలి.

మరి అంత చిన్న బుర్రతో టీవీ తెర నిండా బొమ్మ ఎలా వేసింది? మన పెళ్ళి బంతిలో వడ్డన జ్ఞాపకం చేసుకోండి. వడ్డించేవాడి చేతిలో ఉన్నది ఒక చిన్న గిన్నె. బంతి మొత్తానికి సరిపడే పప్పు అందులో పట్టదు. అందుచేత అతను ఒక్కొక్క విస్తరి దగ్గర ఆగి, ఆ విస్తరికి కావలసింది వడ్డించి, వెంటనే తరువాతి విస్తరికి వెళతాడు. పాత టీవీ తెరమీద బొమ్మ గీత తరువాత గీతగా, పైనుంచి కిందికి పడుతుంది. అమెరికా పద్ధతిలో సెకనుకు అరవైసార్లు అలా గీస్తుంది. ఈ పెట్టె పూర్తి బొమ్మను ఎక్కడా దాచుకోదు. టీవీ ఏ గీత గీయబోతూ ఉంటే ఆ గీతకు కావలసిన సరుకు అప్పటికప్పుడు అందిస్తుంది. ఒక గీత పూర్తయ్యే లోపల దాని బుర్ర 76 టిక్కులు మాత్రమే కొట్టగలదు. ఆ 76లో పని ముగియకపోతే బొమ్మ చెడుతుంది. ఆట వ్రాసినవాళ్ళు ఆ లెక్క వేళ్ళమీద పెట్టుకుని వ్రాశారు.

ఆ బొమ్మలు అందించే చిప్పును తయారుచేసినవారిలో ముఖ్యుడు జే మైనర్. అందులో ఆయన ఏర్పాటు చేసినవి ఆటగాళ్ళు ఇద్దరు, వాళ్ళ గుళ్ళు రెండు, బంతి ఒకటి, వెనక గోడలు. అంతే. బంతాటకీ, టాంకుల యుద్ధానికీ సరిపోతే చాలుననుకున్నారు. కాని 1982లో కరోల్ షా అనే ఆమె 'రివర్ రెయిడ్' అనే ఆటలో అంతులేని నదిని ఆ పెట్టెలో పారించింది. ఆట మొత్తం 4 కిలోబైట్లు. నదిని దాచుకునే చోటు లేదు గనక, లెక్క ప్రకారం అప్పటికప్పుడు పుట్టించింది. అదే ఏడాది డేవిడ్ క్రేన్ 'పిట్‌ఫాల్' అనే ఆటలో 255 దృశ్యాల అడవిని పెట్టాడు. లేనివాడి సంసారంలో గృహిణి నేర్పు తెలుస్తుందంటారు కదూ, అదీ సంగతి.

అయిదుగురు అన్నదమ్ములు

ఇక ఎంపిక సంగతికి వస్తాను. ఈ పెట్టెను పదిహేనేళ్ళు అమ్మారు గనక, కంపెనీవాళ్ళు ఖర్చు తగ్గించుకుంటూ దాని ఒళ్ళు మారుస్తూ వచ్చారు. ఆట మాత్రం మారలేదు. ఏ ముక్క ఏ పెట్టెలో దూర్చినా సాధారణంగా ఆడుతుంది.

పెద్దవాడు 1977 నాటివాడు. పాతసామాను అభిమానులు వీణ్ణి 'హెవీ సిక్సర్' అని పిలుస్తారు. సిక్సరంటే మనకు క్రికెట్టు గుర్తొస్తుంది. ఇక్కడ అర్థం వేరు. ముందు పలకమీద ఆరు స్టీలు మీటలుంటాయి: కరెంటుకు ఒకటి, రంగుల టీవీయా నలుపు తెలుపు టీవీయా అని చెప్పడానికి ఒకటి, ఆట ఎంచుకోవడానికి ఒకటి, మొదలుపెట్టడానికి ఒకటి, ఇద్దరు ఆటగాళ్ళకూ కష్టం ఎక్కువ తక్కువ చెయ్యడానికి చెరొకటి. హెవీ అని ఎందుకన్నారంటే అడుగు ప్లాస్టిక్కు దళసరి, లోపల చిప్పుల్ని కప్పిన అల్యూమినియం కవచం ఇంకా దళసరి. పక్కింటి టీవీకి గరగర రాకూడదని అక్కడి ప్రభుత్వం పెట్టిన నిబంధన కోసం ఆ కవచం. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో తయారైంది. ముందు మూలలు గుండ్రంగా, అంచులు లావుగా ఉంటాయి. ఒక్క ఏడాదికి మించి రాలేదు గనక వీడి కట్నం అందరికన్నా ఎక్కువ.

రెండోవాడు 1978 నాటి 'లైట్ సిక్సర్'. ఆరు మీటలూ ఉన్నాయి, ఒళ్ళు మాత్రం తగ్గింది. తయారీని హాంగ్‌కాంగ్‌కు మార్చారు. దూరంనుంచి చూస్తే అన్నకూ తమ్ముడికీ తేడా తెలియదు. ఈ తేడా తెలియకపోవడం మీదనే చాలామంది అమ్మకందార్లు బతుకుతున్నారు.

మూడోవాడు 1980లో వచ్చాడు. ముందు నాలుగే మీటలు. మిగిలిన రెండూ, అంటే ఆటగాళ్ళ కష్టసుఖాలవి, పెట్టె వెనక్కి వెళ్ళిపోయాయి. లోపల రెండు బోర్డులకు బదులు ఒకటే బోర్డు. ముందు చెక్క చార మాత్రం ఉంది. చెక్క అని పేరే గాని, ఈ ముగ్గురిలో ఎవరిదీ నిజమైన చెక్క కాదు, చెక్కలా అచ్చువేసిన ప్లాస్టిక్కు. బజారులో అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది వీడే.

నాలుగోవాడు 1982 నాటివాడు. చెక్క చార కూడా పోయి నఖశిఖ పర్యంతం నలుపు. 'స్టార్ వార్స్' సినిమాలో నల్ల ముసుగు ప్రతినాయకుడి పేరు మీద వీణ్ణి 'వేడర్' అంటారు. అయిదోవాడు 1986లో వచ్చిన 'జూనియర్'. చిన్నవాడు, తేలిక, ముందు వెండి చార, దానిమీద ఇంద్రధనుస్సు. యాభై డాలర్ల లోపే అని ప్రకటనలు వేసి అమ్మారు.

ఇవి గాక సియర్స్ అనే పెద్ద దుకాణంవాళ్ళు ఇదే యంత్రాన్ని తమ 'టెలీ-గేమ్స్' పేరుతో అమ్మారు. అది మేనత్త కొడుకు వరస అనుకోండి.

"ఇందులో నాన్న కొన్నది ఏదిరా?" అని అడిగాను.

"ఆరు మీటలది. నాకు బాగా గుర్తు. ముందు చెక్క ఉంది" అన్నాడు.

1981లో కొన్నాడు గనక నల్లవాడూ, జూనియరూ పుట్టనేలేదు. మిగిలింది ముగ్గురు. చెక్క చార ముగ్గురికీ ఉంది. 1980 తరువాత కూడా పాత సరుకు దుకాణాల్లో మిగిలి ఉండవచ్చు. పిల్లవాడి జ్ఞాపకాన్ని కాదనడానికి నా దగ్గర ఆధారం ఏమీ లేదు.

మొదటి బేరం

కంప్యూటర్లో వెతికి ఒక పెద్దమనిషి దగ్గర 'హెవీ సిక్సర్, చక్కగా పనిచేస్తున్నది' అన్న ప్రకటన చూసి బేరం చేశాం. మూడు ఫోటోలు పెట్టాడు. మూడూ పైనుంచి తీసినవే. నేను వయసు మళ్ళినవాణ్ణి, అనుభవజ్ఞుణ్ణి. పెట్టె అడుగు చూపించమని అడగాలి కదా! అడగలేదు. మావాడు మెరిసే కళ్ళతో చూస్తూ ఉంటే నాకూ తొందర పుట్టింది.

పెట్టె వచ్చింది. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది, తమ్ముణ్ణి చూపించి అన్న కట్నం పుచ్చుకున్నాడని. అంచులు పలుచన, మూలలు కోసుగా ఉన్నాయి. సరే, ఆరు మీటలున్నాయి కదా అని సరిపెట్టుకుని టీవీకి తగిలించాం. తెరమీద నల్లటి చీకటి తప్ప ఏమీ లేదు.

"పోనీ, వెనక్కి పంపించేద్దాం బాబాయ్" అన్నాడు.

"ఆగరా" అని మరలు విప్పాను. దుకాణం మూసిన తరువాత మళ్ళీ మరలు విప్పడం అదే మొదలు. తొమ్మిది వోల్టుల కరెంటును అయిదుకు తగ్గించే చిన్న భాగం ఒకటుంటుంది, 7805 అని. మన రేడియో షాపుల్లో కూడా అందరికీ తెలిసిన సరుకే. అది కాలం చేసింది. పక్కనే ఉన్న కెపాసిటరు కూడా వార్ధక్యంలో ఉంది. రెండిటినీ మార్చాను. చిల్లర డబ్బులతో అయిపోయింది. మీటలు నలభై ఏళ్ళ దుమ్ముతో బిగుసుకుపోయి ఉంటే స్పిరిటుతో కడిగాను. మీట నొక్కగానే తెరమీద రంగులు వచ్చాయి. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి సోఫా అంచున కూచుంది.

మావాడు 'కాంబాట్' అనే ఆట ముక్క దూర్చాడు. ఆ రోజుల్లో పెట్టెతో పాటు ఉచితంగా వచ్చిన ముక్క అది. రెండు టాంకులు, గోడల మధ్య తిరుగుతూ ఒకదాన్నొకటి కాల్చుకోవాలి. అంతే ఆట. అదీ కాక విమానాలూ, ఇంకా రకరకాలూ కలిపి 27 విధాలుగా ఆడవచ్చు. నేనొక టాంకు, వాడొక టాంకు. నన్ను క్షణంలో చిత్తు చేశాడు. రెండో ఆటలో నేను వాణ్ణి కొట్టాను. కాసేపటికి వాడి మొహంలో ఉత్సాహం తగ్గింది.

"ఏమిటిరా?" అన్నాను.

"ఏమో బాబాయ్. అంతా అదే. కాని ఏదో తేడాగా ఉంది. నాన్న గుండు నాదాకా వచ్చేది కాదు. సగం దారిలో చచ్చిపోయేది. నేను ఏడిపించేవాణ్ణి. నాన్నకి అసలు ఆట రాదు" అని నవ్వాడు.

అప్పుడు వదిన, ఎవరితోనో అన్నట్టుగా, "ఇందులో చెయ్యి పెట్టడానికి వెనకాల ఏమీ లేదే" అంది.

"వెనకాల ఏముండాలి వదినా?" అన్నాను.

"ఏమోనయ్యా, నాకీ యంత్రాల సంగతి తెలియదు. వాడు ఓడిపోయి మూతి ముడుచుకున్నప్పుడల్లా ఆయన పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి ఏదో నొక్కేవారు. ఏమిటి నాన్నా అంటే, వైరు వదులైందేమో చూస్తున్నానురా అనేవారు. ఆ తరువాత వీడు గెలిచేవాడు. వీడు పడుకున్నాక నాతో చెప్పి నవ్వుకునేవారు" అంది.

నేను చేతిలో కర్ర పక్కన పెట్టేశాను. ఆటగాళ్ళ కష్టసుఖాల మీటలు ఒక్కొక్కరికీ వేరువేరుగా ఉంటాయని ఇందాక వ్రాశాను. ఆ మీటను 'ఏ' వైపు తోస్తే ఆ ఆటగాడికి ఆట కష్టమవుతుంది. 'కాంబాట్' ఆటలో అలా చేస్తే ఆ టాంకు గుండు ఎక్కువ దూరం పోదు, మధ్యలోనే ఆగిపోతుంది. ఆరు మీటల పెట్టెలో అది పిల్లవాడి కళ్ళెదుట, ముందు పలక మీద ఉంటుంది. దొంగతనంగా తొయ్యడానికి వీల్లేదు. వెనక్కి చెయ్యి పెట్టి తోశాడంటే అది 1980 నాటి నాలుగు మీటల పెట్టె. సందేహం తీరింది.

ఇది వివరించి చెప్పాను. మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అంటే నాన్నకి ఆట వచ్చు" అన్నాడు.

"నువ్వు స్కూలుకు వెళ్ళినప్పుడు ఒక్కరూ కూచుని ఆడేవారు. నాకు తెలియదనుకున్నారు" అంది వదిన.

రెండో బేరం

ఈసారి నాలుగు మీటలవాణ్ణి తెచ్చాం. అడుగు ఫోటో, వెనక ఫోటో, తెరమీద ఆట ఆడుతూ తీసిన ఫోటో, మూడూ అడిగి మరీ పుచ్చుకున్నాం. మొదటిదానికన్నా తక్కువకే వచ్చింది. అందరికీ ఆరు మీటల మీద మోజు గనక, అసలు మనకు కావలసినవాడు మూలన కూచుని ఉన్నాడు. పెట్టె రాగానే వదిన చెక్క చార మీద వేలితో రాసి, "ఇదే" అంది.

నేలమాళిగలో అన్నయ్య పారెయ్యకుండా దాచిన పాత గాజుగొట్టం టీవీ ఉంది. దానికి తగిలించాం. ఆట మధ్యలో, "వైరు వదులైనట్టుందిరా" అంటూ నేను వెనక్కి చెయ్యి పెట్టి నా మీటను తోశాను. నా గుండు సగం దారిలో చచ్చిపోయింది. మావాడు తెరకేసే చూస్తూ ఉండిపోయాడు. వాడి టాంకు కదలలేదు.

కొంతసేపటికి, "అయినా అమ్మెయ్యడం తప్పే" అన్నాడు.

"తప్పే. ఆ సంగతి ఆయనకూ తెలుసు" అంది వదిన. అంతకుమించి ఆ రాత్రి ఆ విషయం మీద ఎవరూ ఏమీ అనలేదు. తల్లీ కొడుకూ పదకొండు గంటల దాకా ఆడారు. డెబ్భై ఎనిమిదేళ్ళ వదిన టాంకును గోడకేసి గుద్దుతూనే ఉంది. ఒకటి రెండుసార్లు వాడి చెయ్యి పెట్టె వెనక్కి వెళ్ళడం నేను చూశాను. నాకేం, చూడనట్టే ఊరుకున్నాను.

కొనదలచిన వారికి

మీ ఇళ్ళలోనూ విదేశాల్లో చిన్నతనం గడిపిన కొడుకులూ, అల్లుళ్ళూ ఉండవచ్చు. వాళ్ళకూ ఏదో ఒకరోజు ఇటువంటి కోరిక పుట్టవచ్చు. అందుచేత నా అనుభవంలో తేలిన నాలుగు ముక్కలు చెబుతాను.

అద్దాల బీరువాలో పెట్టి పదిమందికీ చూపించాలనుకుంటే పెద్దవాడు, హెవీ సిక్సరే. కాని అడుగు ఫోటో, పక్క అంచుల ఫోటో చూడకుండా డబ్బు పంపవద్దు. ఆరు మీటల అందం కావాలి, అంత కట్నం ఇచ్చుకోలేం అనుకునేవారికి రెండోవాడు. కూచుని ఆడుకోవడానికీ, పాడైతే విడిభాగాలు దొరకడానికీ నాలుగు మీటలవాడు మేలు. ఇంట్లో చోటు తక్కువైతే జూనియర్. ఆటలో వీళ్ళ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకదానిలో రంగులు మెరుగని కొందరంటారు గాని, లోపల రంగు సరిచేసే చిన్న తిరుగుడు మీట ఉంది. అది తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది.

ఆటకర్రల విషయం మరచిపోకండి. పెట్టె ఎంత గట్టిదో కర్ర అంత సున్నితం. దాని అడుగున ఉండే చిన్న లోహపు బుడిపెలు నొక్కి నొక్కి అరిగిపోతాయి. ఏదో ఒక వైపు కదలడం లేదంటే పెట్టెను తిట్టకుండా ముందు కర్ర విప్పి చూడండి.

మన దేశానికి తెచ్చుకోవాలంటే ఇంకొక చిక్కుంది. అమెరికా పెట్టె అమెరికా టీవీ పద్ధతికి చేసింది. సెకనుకు అరవై బొమ్మలు. మన టీవీ పద్ధతి యూరపు వారిలాగా యాభై. అక్కడి పెట్టె ఇక్కడి టీవీలో పొసగకపోవచ్చు. పోనీ యూరపు పెట్టె కొని, అమెరికా ఆటముక్క దూర్చారా, రంగులు తారుమారవుతాయి. అందుచేత పెట్టే, ముక్కలూ ఒకే దేశానివి కొనండి. టీవీకి తిన్నగా బొమ్మ పంపేలా లోపల చిన్న మార్పు చేసే మెకానిక్కులున్నారు. ఆ మార్పు చేయించినదాన్ని, అక్కడి పద్ధతిని కూడా ఒప్పుకునే టీవీకి తగిలిస్తే బాధ తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యం: అమెరికా అడాప్టరు 120 వోల్టులకు చేసింది. దాన్ని మన 230 వోల్టుల గోడకు తగిలిస్తే ఆ పెట్టె మీకు ఆట చూపించదు, పొగ చూపిస్తుంది. తొమ్మిది వోల్టుల డీ.సీ. ఇచ్చేది ఇక్కడే కొనుక్కోండి. పుల్లచివర ధనధ్రువం ఉండాలి. ముందు పెట్టెకు గుచ్చి, ఆ తరువాతనే గోడ స్విచ్చి వెయ్యండి.

ఈ తద్దినమంతా మాకెందుకు అనుకునేవారికి 2023 నవంబరులో ఈనాటి అటారీ కంపెనీవాళ్ళే '2600 ప్లస్' అని కొత్తది విడుదల చేశారు. చూడడానికి ఆ నాలుగు మీటలవాడి పోలికే, కొంచెం చిన్నది. పాత ముక్కలు దూర్చవచ్చు, కొత్త టీవీలకు తిన్నగా తగులుతుంది. లోపల మాత్రం పాత చిప్పులు లేవు. పాతదానిలా నటించే కొత్త బుర్ర ఉంది. నటన బాగానే ఉంటుంది. పిల్లలకు కొనివ్వడానికి అదే సుఖం.

కాని మావాడికి ఆ మాట చెబితే తల అడ్డంగా ఊపాడు. ఆరు మీటల పెట్టెను ఏం చేద్దామని అడిగాను. "అది నువ్వు తీసుకుపో బాబాయ్, నువ్వు బాగుచేసిందే కదా" అన్నాడు. రాజమండ్రిలో దానికి తగిన అడాప్టరు కట్టాను. టీవీ సంగతి ఇంకా కుదరలేదు. మూసిన దుకాణం తాళం తీసి, పాత బల్ల తుడిచి, ఆ పని మీదే కూచున్నాను. మా మనవడు పక్కన స్టూలు వేసుకుని కూచుని, "తాతా, దీనికి మీటలన్నీ ముందే ఉన్నాయేం?" అంటున్నాడు.

అదొక్కటే ఆ పెట్టెలో లోపం అని వాడికి ఎలా చెప్పడం?